పది ఓవర్లకి నూట ఏడు

నలభై నాలుగో ఓవర్ అయిపోయింది, వాళ్ల స్కోరు మూడు వికెట్లకు మూడు వందల పది, నేను కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం ఇది నాలుగోసారో ఐదోసారో. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు, జేబులో పెడితే నిర్లక్ష్యంగా కనిపిస్తాను, కట్టుకుంటే కోపంగా కనిపిస్తాను, బౌలింగ్ కోచ్ అన్నవాడు ఇలాంటప్పుడు ఎలా కనిపించాలో ఎవరూ నేర్పలేదు. వెస్లీ డ్రేకాట్ ఎనిమిది ఓవర్లు వేశాడు. ఎనభై నాలుగు పరుగులిచ్చాడు. వికెట్ లేదు. వాడికింకా రెండు ఓవర్లున్నాయి, ఎనభై నాలుగుకి ఇరవై మూడు కలిపితే నూట ఏడు, ఈ లెక్క నేను చేయడం లేదు, కూర్చున్నా నిలబడ్డా దానంతటదే అవుతోంది. ఎందుకంటే నూట ఏడు నాది. మా కౌంటీ జట్టు ఓవర్ల ఆటలు ఆడటం మొదలుపెట్టినప్పటినుంచి ఇవాళ్టి వరకు ఒక బౌలర్ ఒక ఇన్నింగ్స్‌లో ఇచ్చిన అత్యధిక పరుగులు: ఆర్. పెండిల్, పది ఓవర్లు, మెయిడెన్లు సున్నా, పరుగులు నూట ఏడు, వికెట్లు సున్నా, 1997. ఆర్ అంటే రాయ్, రాయ్ అంటే నేనే. ఏటా ఏప్రిల్లో క్లబ్బు వార్షిక పుస్తకం అచ్చవుతుంది, కొత్త కాగితం వాసనతో పోస్టులో ఇంటికొస్తుంది, ఏటా నేను రికార్డుల పేజీల్లో ఆఖరి పేజీకే ముందు వెళతాను, దిగువన ఆఖరి వరసలో అది అలాగే ఉంటుంది. ఇరవై ఆరు ఏప్రిళ్లు.

ఆ పేజీలు నాకు కంఠోపాఠం. అత్యధిక స్కోరు, అత్యల్ప స్కోరు, పెద్ద గెలుపు, చిన్న గెలుపు, ఎక్కువ పరుగులు చేసినవాడు, ఎక్కువ క్యాచ్‌లు పట్టినవాడు. రెండో వికెట్‌కు రెండు వందల అరవై ఒకటి కలిపిన ఇద్దరు 1988 నుంచి ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఒకరి భార్య రెండోవాడి ఇంటికి వెళ్లిపోయింది, కానీ పుస్తకంలో వాళ్ల పేర్ల మధ్య ఇప్పటికీ ఒక చిన్న గీత ఉంటుంది, భార్యాభర్తల పేర్ల మధ్య ఉన్నట్టు. పదిహేను పరుగులకు ఏడు వికెట్లు తీసిన మహానుభావుడు ఇప్పుడు ఇళ్లకు తివాచీలు పరుస్తాడు, మా ఇంటికీ వాడే పరిచాడు, మెట్ల దగ్గర వంకరగా. అత్యల్ప స్కోరు ముప్పై ఆరు, దానికి పదకొండు మంది బాధ్యులు, పదకొండు మందీ దాని గురించి పబ్బులో నవ్వుతూ చెప్పుకుంటారు. పదకొండు మంది పంచుకున్న సిగ్గు సిగ్గు కాదు, కబురు. నాది పంచుకోవడానికి ఎవరూ లేరు. నేను ఆడినవి నలభై ఒక్క మ్యాచ్‌లు, తీసినవి ముప్పై ఎనిమిది వికెట్లు, వాటిలో ఒక్కటీ పుస్తకంలో లేదు. ఆ తర్వాత ఏడాది నన్ను వద్దన్నారు. పేరు మాత్రం మిగిలింది, 'సెంచరీ' అని, బ్యాటు పట్టి ఏనాడూ ముప్పై దాటనివాడికి.

ఇప్పుడు నలభై ఐదో ఓవర్. మా పెద్ద బౌలర్ తన ఆరో ఓవర్లోనే తొడ పట్టేసి లోపలికి వెళ్లిపోయాడు, మంచుగడ్డల సంచీ కాలికి కట్టుకుని టీవీ చూస్తున్నాడు, అందుకే ఇవాళ వెస్లీ ఇన్ని ఓవర్లు వేయాల్సొచ్చింది, అందుకే కెప్టెన్ బెన్ హోల్‌రాయిడ్ ప్రతి ఓవర్ మధ్యలో వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. బ్యాటు పట్టుకున్నది వాన్ టోండర్, తలుపంత మనిషి, నూట నలభై దాటాడు, వాడు కొట్టిన సిక్సర్ల కోసం పక్కనున్న కూరగాయల తోటల్లోకి ఇద్దరు మనుషుల్ని పంపించారు. ఆ ఓవర్‌కు ఎనిమిది పరుగులు. బంతి రైలుకట్టవైపు వెళ్లినప్పుడల్లా జనం 'ఓ' అంటున్నారు, ఆగస్టు గాలికి తెల్ల డేరా గుడ్డ కొట్టుకుంటోంది, ఎవడో బీరు గ్లాసుల గొలుసు కడుతున్నాడు, ఒకదాంట్లో ఒకటి పెట్టి, అది పామంత పొడుగైంది. నేను లేచాను. బౌండరీ తాడు వెంట నడవడం మొదలుపెట్టాను, నడిస్తే ఆలోచన సర్దుకుంటుందని, అది సర్దుకోలేదు, నాతోపాటు నడిచింది.

వెస్లీకి ఇరవై మూడేళ్లు. ఆరేళ్ల కిందట నేను మొదటిసారి చూసినప్పుడు వాడి ఎడమ కాలు పడే చోటు ప్రతిసారీ మారేది, పాత నెట్స్‌లో సుద్దముక్కతో నేలమీద గీత గీసి, దీనిమీద పెట్టు, దీనిమీదే పెట్టు అని రెండు చలికాలాలు చెప్పాను. సెప్టెంబరులో వాడి ఒప్పందం అయిపోతుంది. గురువారం కమిటీ కూర్చుంటుంది, నన్ను పిలిచి అడుగుతారు, ఏమంటావ్ రాయ్ అని. వాళ్ల చేతిలో ఒక కాగితం ఉంటుంది, దానిమీద ఇవాళ్టి అంకె ఉంటుంది. తొంభై అంకెతో వచ్చినవాణ్ణి ఇంకో ఏడాది చూద్దామని నచ్చజెప్పగలను. నూట పది అంకెతో, కౌంటీ చరిత్రలోనే అధమమన్న మాటతో వచ్చినవాణ్ణి? నాకు తెలుసు ఆ బల్ల చుట్టూ ఏం మాట్లాడతారో. అందులో ముగ్గురు అప్పుడూ ఉన్నారు. కాబట్టి ఆపాలి. బెన్ ఇటు చూసినప్పుడు తల అడ్డంగా ఊపితే చాలు, ఆ రెండు ఓవర్లూ హ్యూ లాంగ్‌డెన్ వేస్తాడు, బ్యాట్స్‌మన్, ఏడాదికి రెండుసార్లు బంతి పట్టుకుంటాడు, వాడు ముప్పై ఇచ్చినా ఎవడూ రాసుకోడు. అంతే, తల ఊపడమే. నిజమే, అయితే నా తలలో ఇంకో గొంతుంది, అది అడుగుతోంది: వాణ్ణి కాపాడుతున్నావా, నీ వరసను కాపాడుకుంటున్నావా?

ఈ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నడుస్తూ నడుస్తూ దానిమీద కాలేసినట్టయింది. ఇరవై ఆరేళ్లుగా నేను కోరుకున్నది ఒక్కటే, ఎవడో ఒకడు నూట ఎనిమిది ఇవ్వాలని. ఎదుటి జట్టులో బలిసిన బ్యాట్స్‌మన్‌ని చూసినప్పుడల్లా నాలో ఒక మూల ఆశ పుట్టేది, కోచ్‌నై ఉండి కూడా, నేను నేర్పిన బౌలర్లమీదే. ఒకడు 2009లో తొంభై తొమ్మిది దాకా వెళ్లి ఆగాడు, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇప్పుడు అది నిజంగా జరిగేట్టుంటే వద్దనిపిస్తోంది. ఆ వరస పోతే నేనెక్కడున్నాను? నా పేరు ఆ పుస్తకంలో ఇంకెక్కడా లేదు. మాసిన చొక్కా ఒక్కటే ఉన్నవాడికి అది కూడా చిరిగిపోతుందంటే ఎలా ఉంటుంది? అయితే ఆపమనడం దయ కాదు, స్వార్థం. పోనీ వేయనీ అంటే? అదీ స్వార్థమే, నా పీడ వాడి నెత్తిన రుద్దడం. ఏ వైపు తల ఊపినా అందులో నా మురికి ఉంది. ఒక మనిషి తలలో ఇంత చెత్త ఉంటుందని ఎదుటివాళ్లకు కనిపించకపోవడం దేవుడు చేసిన మేలు.

మిసెస్ హిబర్ట్‌కు కనిపించింది కాబోలు. ఆవిడ ఎప్పుడూ డేరా పక్కన అదే మడత కుర్చీలో, ఒళ్లో సొంత స్కోరుపుస్తకం, చేతిలో పెన్సిలు, పక్కన ఫ్లాస్కు, పంది మాంసం కూరిన పోర్క్ పై ముక్క కాగితంలో సగం విప్పి. క్లబ్బు జీతం ఇచ్చే స్కోరర్ ఒకడున్నా ఆవిడ నలభై ఏళ్లుగా ప్రతి బంతీ తన పుస్తకంలో రాసుకుంటుంది. నన్ను చూసి పెన్సిలు ఎత్తకుండానే అంది.

"ఏం సెంచరీ, ఇవాళ్టితో నీ పీడ వదిలేట్టుందే."

"ఇంకా రెండు ఓవర్లున్నాయి, మిసెస్ హిబర్ట్."

"ఆ రెంటి గురించే అంటున్నా. కూర్చో అబ్బాయ్, నువ్వలా అడ్డంగా తిరుగుతుంటే నాకు ఫైన్ లెగ్ కనపడదు."

నాకు యాభై మూడేళ్లు, ఆవిడకు నేనింకా అబ్బాయినే. కూర్చోలేదు. నలభై ఆరో ఓవర్, పదకొండు పరుగులు. నలభై ఏడు, తొమ్మిది. ఒక గూడ్సు రైలు పోయింది, చాలా పొడుగ్గా, వాన్ టోండర్ అది పోయేదాకా ఆగి గార్డ్ తీసుకున్నాడు. బెన్ ఇటు చూస్తాడేమోనని ఒళ్లంతా బిగబట్టుకున్నాను, వాడు చూడలేదు, బంతి తిన్నగా వెస్లీ చేతిలో పెట్టేశాడు. అంటే నేను ఏమీ చేయనక్కర్లేకుండానే సగం నిర్ణయం అయిపోయింది, ప్రాణం కుదుటపడిందో జారిపోయిందో చెప్పలేను. ఒకటి. నాలుగు. వైడ్, కాలివైపు, పడే కాలు మళ్లీ పక్కకు జరిగింది, సుద్దగీత లేదు కదా ఇక్కడ. సిక్సర్, కూరగాయల తోటలోకి. ఖాళీ. ఒకటి. ఖాళీ. పదమూడు. తొంభై ఏడు. సిక్సరప్పుడు వెస్లీ అది పడే చోటు చూడలేదు, వెనక్కి తిరిగి పరుగు మొదలుపెట్టే గుర్తు దగ్గరకు నడిచాడు, నేనైతే అప్పట్లో ప్రతి సిక్సరూ కిందపడేదాకా చూశాను, నోరు తెరుచుకుని, అది వేరేవాడి బంతి అన్నట్టు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి, ఇప్పటిదాకా నాకు నేను కూడా ఒప్పుకోనిది. 1997 ఆట గురించి నేను చెప్పే కథ ఒకటుంది, క్లబ్బు విందుల్లో అడిగి మరీ చెప్పించుకుంటారు, మా అమ్మాయి స్కూల్లో క్విజ్ పెట్టినప్పుడు కూడా చెప్పాను. ఎనిమిది ఓవర్లకు ఎనభై ఎనిమిది ఇచ్చి లెగ్ సైడు బౌండరీ దగ్గర దాక్కున్నాననీ, కెప్టెన్ నన్ను వెతికి పట్టుకుని మెడమీద కత్తిపెట్టి బంతి ఇచ్చాడనీ, అందరూ నవ్వుతారు. అబద్ధం. కెప్టెన్ చాలన్నాడు, నీళ్లు తాగు పో అన్నాడు, పాపం మంచి మనిషి. నేనే వెళ్లి అడిగాను. చేయి చాపి, బంతి ఇవ్వండి అన్నాను. ఒక్క వికెట్, ఒక్కటి పడితే ఇదంతా చెరిగిపోతుందనుకున్నాను. పేకాటలో ఓడిపోతున్నవాడు లేవలేడే, అలా. ఆ రెండు ఓవర్లకు పంతొమ్మిది. కెప్టెన్ ఆ కథ తనమీద పడుతుంటే ఒక్కసారీ కాదనలేదు, విందుల్లో నా పక్కనే కూర్చుని తల వంచుకుని నవ్వేవాడు, మూడేళ్ల కిందట పోయాడు, ఆయన అంత్యక్రియల్లో కూడా నాచేత ఆ కథే చెప్పించారు. చెప్పాను. జనం నవ్వారు. ఆయన భార్య ముందు వరసలో నవ్వలేదు.

నలభై తొమ్మిదో ఓవర్ మొదలైంది, స్పిన్నర్ అవతలివైపు నుంచి. వెస్లీ ఫీల్డింగ్‌కు తాడు దగ్గరకు, నేను నిలబడ్డచోటికి నాలుగడుగుల దూరానికి వచ్చాడు, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది, మెడ ఎండకు ఎర్రబడింది. వాడి వెనక జనంలో ఒకడు, "ఒరే డ్రేకాట్, వంద కొడితే బ్యాటు ఎత్తాల్రోయ్" అన్నాడు, పక్కవాళ్లు నవ్వారు, వెస్లీ తిరిగి చూడలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడే బెన్ నావైపు చూశాడు. ఇంతసేపూ నేను భయపడ్డ చూపు. ఆఖరి ఓవర్ ఎవరికి? వాడి చెయ్యి హ్యూ లాంగ్‌డెన్ వైపు కొద్దిగా లేచి ఉంది, ప్రశ్నలా. నేను తల ఊపలేదు, అడ్డంగానూ నిలువుగానూ. ఆగమన్నట్టు అరచెయ్యి చూపించి తాడు దగ్గరకు వెళ్లాను.

"వెస్."

వాడు ఆటమీదినుంచి కళ్లు తిప్పకుండానే, "చెప్పండి కోచ్" అన్నాడు.

"ఎంత ఇచ్చావో తెలుసా?"

"తొంభై ఏడు. మీది నూట ఏడు. ఈ ఊళ్లో ఎవరికి తెలీదు?"

ఒక బంతి పడింది, ఒక పరుగు తీశారు, అటువైపు. నేను చెప్పడం మొదలుపెట్టాను, మామూలుగా మాట్లాడే వేగం కాదు, ఎవరో తరుముతున్నట్టు. ఆఖరి ఓవర్ వేయకపోయినా ఎవరూ తప్పుపట్టరని చెప్పాను, గురువారం కమిటీ ఉందని చెప్పాను, వేయమన్నా మానమన్నా నా మాటమీద నాకే నమ్మకం లేదనీ, ఆ రికార్డు పోవాలని సగం, పోకూడదని సగం లోపల పీకులాట పడుతున్నాననీ, అందుకే నన్ను అడగొద్దనీ. ఇంకో బంతి పడింది, వాడు రెండడుగులు ముందుకు పరుగెత్తి, అవసరం లేదని తెలిసి వెనక్కి వచ్చాడు.

"ఇంకోటి. ఆ రోజు కెప్టెన్ ఇవ్వలేదు. నేనే అడుక్కుని తీసుకున్నా. వికెట్ పడితే అంతా చెరిగిపోతుందనుకున్నా. నువ్వు అలా అనుకుని మాత్రం వెయ్యకు."

ఈ మాట నా నోటినుంచి బయటికి వచ్చిందని, తాడుకు ఇవతల పోర్క్ పై తింటున్న మనుషుల మధ్య, మిట్టమధ్యాహ్నం వచ్చిందని అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది. మిసెస్ హిబర్ట్ విన్నదో లేదో, పెన్సిలు కదులుతూనే ఉంది. వెస్లీ మొదటిసారి నావైపు తిరిగాడు. కోపమొచ్చినట్టుంది, లేక అలసటేమో, ఇరవై మూడేళ్ల మొహంమీద రెండూ ఒకేలా ఉంటాయి.

"మీ గొడవ మీరు పడండి కోచ్. నాకు ఒక్కటి చెప్పండి చాలు. వాడు ముందుకాలు ఎత్తేసి కొడుతున్నాడు, ఏ యార్కరూ పడనివ్వడం లేదు. ఎక్కడ వెయ్యాలి?"

ఎక్కడ వెయ్యాలి. ఇంతసేపూ నేను ఈ ఆటలో ఏం జరుగుతుందో చూడనే లేదు. అంకెలు చూశాను. వాన్ టోండర్ కాళ్లెక్కడ పెడుతున్నాడో, బ్యాటు ఎటునుంచి దించుతున్నాడో ఒక్క బంతికీ చూడలేదు, దానికి నాకు జీతమిస్తారు. కళ్లు మూసుకుని వెనక్కి వెళ్లాను, వాడు కొట్టిన ఆరు సిక్సర్లూ తిప్పి చూసుకున్నాను, అన్నీ కాలివైపే, అన్నీ వికెట్‌కు దగ్గరగా పడ్డవి. దూరంగా వెయ్యి, ఆఫ్ స్టంపుకి అవతల, బాగా నిండుగా, క్రీజు దాకా వెళ్లి పడేట్టు, అన్నాను. క్రీజు చివరికి వెళ్లి వెయ్యి. పాయింట్‌ను వెనక్కి తోయించు, థర్డ్ మ్యాన్‌ను పెట్టించు. వైడ్ అవుతుందేమో, అయితే కానీ. రెండు పోతాయి, మూడోది వాడికి అందదు. వెస్లీ తల ఊపాడు. స్పిన్నర్ ఓవర్ పదికి ముగిసింది. వెస్లీ బెన్ దగ్గరకు పరుగెత్తాడు, బెన్ నావైపు చూడను కూడా చూడలేదు.

మొదటి బంతి చేతిలోంచి జారింది, నేరుగా బ్యాటుకింద పడింది, సిక్సర్. నూట మూడు. జనం గొలుసు కట్టిన గ్లాసులు వదిలేసి లేచి నిలబడ్డారు, తెలిసిపోయింది అందరికీ. రెండోది దూరంగా, నిండుగా, బ్యాటు చివర తగిలి ఒకటి. మూడోది రెండో బ్యాట్స్‌మన్‌కు, అదే చోటు, మంచి బంతే, అంచు తగిలి వికెట్‌కీపర్ పక్కనుంచి, ఇంకా థర్డ్ మ్యాన్ చేరుకోకముందే తాడు దాటింది. నాలుగు. నూట ఎనిమిది. డేరావైపు నుంచి చప్పట్లు, వెటకారం కొంత, జాలి కొంత, మైకులో గొంతు సవరించుకుని ఎవరో చదివారు, కౌంటీ తరఫున ఒక ఇన్నింగ్స్‌లో అత్యధిక పరుగులిచ్చిన బౌలర్, ఇంతకుముందు రాయ్ పెండిల్, పందొమ్మిది వందల తొంభై ఏడు. పేరు వినగానే అందరూ నావైపు చూస్తారనుకున్నాను. ఒక్కరూ చూడలేదు. మైదానంలో ఉన్న ఆ కుర్రాణ్ణి చూస్తున్నారు. పీడ వదిలినప్పుడు ఒళ్లు తేలికవుతుందంటారు, నాకేమీ కాలేదు, ఎందుకంటే నేను వాడి ఎడమకాలు చూస్తున్నాను. గీతమీదే పడుతోంది. నాలుగోది, ఒక పరుగు. వాన్ టోండర్ మళ్లీ స్ట్రైక్‌కు వచ్చాడు.

ఐదో బంతిని వెస్లీ క్రీజు చివరినుంచి వేశాడు. వాన్ టోండర్ ముందుకాలు తీసేసి తలుపు ఊపినట్టు ఊపాడు, బంతి ఆ బ్యాటుకింద దూరి, చివరి క్షణంలో లోపలికి వంగి, ఆఫ్ స్టంపు పక్కగా, వెంట్రుకవాసి దూరంలో దూసుకుపోయింది. కీపర్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. వాన్ టోండర్ వెనక్కి తిరిగి స్టంపులు చూసుకుని, వెస్లీవైపు చూసి బ్యాటును చిన్నగా ఎత్తాడు, ఒక పనివాడు ఇంకో పనివాడికి పెట్టే నమస్కారంలా. పక్కన మిసెస్ హిబర్ట్ పెన్సిలుతో ఒక చుక్క పెట్టింది. చుక్కంటే పరుగు లేదు, వికెట్ లేదు, ఏమీ జరగలేదు. ఆఖరి బంతికి రెండు. మూడు వందల డెబ్బై ఐదు. డ్రేకాట్, పది ఓవర్లు, సున్నా, నూట పదకొండు, సున్నా.

భోజనాలకు అందరూ లోపలికి వెళుతున్నారు, బెన్ వెస్లీ భుజంమీద చెయ్యేసి ఏదో అన్నాడు, వాడు తల ఊపి చెయ్యి దులుపుకుని ఇటువైపు, తాడువైపు వచ్చాడు. ఏమనాలో సిద్ధం చేసుకుంటున్నాను, గురువారం నేను కమిటీ ముందు ఏం చెబుతానో, దానికి ఒప్పుకోకపోతే నా పనికి కూడా ఇంకొకణ్ణి చూసుకోమంటానని, అవన్నీ గొంతులో వరసకట్టాయి. వాడు నీళ్ల సీసా తీసుకుని సగం తాగి మిగతాది తలమీద పోసుకున్నాడు.

"ఐదోది చూశారా?"

"చూశాను."

"లోపలికొచ్చింది కదా? నాకు అనిపించిందా, నిజంగానే వచ్చిందా?"

"వచ్చింది. జానెడు వచ్చింది."

వాడు నవ్వలేదు, కానీ మొహంలో ఏదో దిగింది, మెట్లెక్కినవాడు బరువు దించినట్టు. ఇంకేమీ అడగలేదు, నూట పదకొండు గురించి గానీ, గురువారం గురించి గానీ. నేను మాత్రం 1997లోకి వెళ్లిపోయాను. ఆ రోజు నేను వేసినవి అరవై బంతులు, సిక్సర్లన్నీ ఎక్కడెక్కడ పడ్డాయో చెప్పగలను, ఏ కారు అద్దం పగిలిందో చెప్పగలను, కానీ ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు, ఒక్కటైనా మంచి బంతి పడిందా అని. పడింది. ఇప్పుడు కనిపిస్తోంది, చీకటిగదిలో ఎవరో కిటికీ తెరిచినట్టు కాదు, మామూలుగా, నిన్న జరిగినట్టు. సీము నిటారుగా ఉంది, గాలి ఎడమనుంచి ఉంది, ఎడమచేతివాటం బ్యాట్స్‌మన్, వాడు ముందుకొచ్చి ఆడాడు, బంతి పడి అటు తిరిగింది, బ్యాటు దాటింది, ప్యాడు దాటింది, కీపర్ టెడ్ చేతిలో పడింది, టెడ్ ఏమీ అనకుండా గ్లవ్స్‌తో ఒక్క చప్పట కొట్టాడు.

"నాదీ ఒకటుంది," అన్నాను. "ఏడో ఓవర్, మూడో బంతి."

లోపల పళ్లేల చప్పుడు మొదలైంది, వాళ్లు వెస్లీని పిలుస్తున్నారు. వాడు గడ్డిమీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"చెప్పండి," అన్నాడు.